ముప్పావు చుట్టు

"బూట్లు."

ఆమె నాతో మాట్లాడిన మొదటి మాట అదే. హలో లేదు, మీరెవరని లేదు. హాల్ గుమ్మానికి చీపురు అడ్డంగా పెట్టి నిలబడి, నా మొహం కూడా చూడకుండా నా కాళ్ళ వైపు చూసి అంది.

నేనూ చూసుకున్నాను. బూట్లు కనిపించడం లేదు. మోకాళ్ళ దాకా బురద మాత్రం కనిపిస్తోంది. మంచు కరిగే ఏప్రిల్ నెలలో మా వెర్మాంట్‌లో మట్టిరోడ్లను రోడ్లనడం పాత అలవాటు కొద్దీ అనడమే. ఫాక్స్ హిల్ ఎక్కుతుంటే నా ట్రక్కు ముందు చక్రాలు రెండూ దిగబడిపోయాయి. ఫిడేలు పెట్టెను చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని మైలు దూరం నడిచొచ్చాను.

"సారీ అండీ. లోపలికొచ్చి తుడుచుకుంటాను."

"మీరు లోపలికొస్తే తుడుచుకోవాల్సింది మేము. అది మేపుల్ చెక్క నేల. మా తాతయ్య నిన్నంతా మోకాళ్ళ మీద కూర్చుని మైనం పట్టించాడు. డాన్స్ షూస్ తెచ్చుకున్నారా?"

"తెచ్చుకున్నాను. ట్రక్కులో ఉన్నాయి."

"ట్రక్కు ఎక్కడుంది?"

"బురదలో ఉంది."

"అయితే బయట నిలబడి చూడండి. కిటికీలు పెద్దవే."

"నేను చూడ్డానికి రాలేదండీ. వాయించడానికి వచ్చాను."

అప్పుడు తలెత్తింది. బూడిదరంగు కళ్ళు. ముక్కు మీద సుద్దపొడి. ఆ సుద్దపొడి సంగతి చెప్దామా వద్దా అని ఆలోచిస్తూ, ఊరికే చూస్తూ ఉండిపోయాను.

"ఓరిన్ పెల్కీ మీరేనా? చెయ్యి విరిగిన మా ఫిడేలాయన పంపింది మిమ్మల్నేనా?"

"నన్నే."

"ఐదున్నరకి రావాలి. ఇప్పుడు ఆరుంబావు."

"బురదకి టైము చెప్పాను. వినలేదు."

ఆమె నవ్వలేదు. చీపురు మాత్రం పక్కకు తీసింది. బూట్లు మెట్ల మీద విడిచి లోపల అడుగు పెట్టాను. అప్పుడు గుర్తొచ్చింది, పొద్దున చీకట్లో వేసుకున్న మేజోళ్ళలో ఒకటి గోధుమరంగు, ఒకటి ఆకుపచ్చ అని. ఆకుపచ్చదానికి ముందు చిల్లు.

"ఎడమ బొటనవేలు కూడా కచేరీకి వచ్చినట్టుంది. దానికి టికెట్టు లేదులెండి," అంది.

ఆమె పేరు మార్నీ లారో అని పియానో వాయించే లోవెల్ ముసలాయన చెప్పాడు. నేను తీగలు సర్దుకునే లోపల ఆయన ఆ ఊరి చరిత్ర మొత్తం చెప్పేశాడు.

కెల్సీ హాలో అనే ఆ ఊళ్ళో నెలకొక శనివారం కాంట్రా డాన్స్. పిల్లా పెద్దా అందరూ వస్తారు. ఎవరింట్లో వండింది వాళ్ళు గిన్నెల్లో తెచ్చుకుని ఐదున్నరకి కలిసి తింటారు. ఆరున్నరకి ఆట, తొమ్మిదికి తలుపులకి తాళం. నలభై ఏళ్ళుగా ఆట చెప్పింది మార్నీ వాళ్ళ నాయనమ్మ ఐడా. ఇప్పుడు ఏ అడుగు వెయ్యాలి, ఎవరి చెయ్యి పట్టుకోవాలి, ఎటు తిరగాలి అన్నది పాటకి సరిగ్గా నాలుగు లెక్కల ముందు మైకులో చెప్పడమే ఆ పని. చెప్పే మనిషి లేకపోతే ఆట లేదు. ఈ చలికాలంలో ఐడాకి గొంతు ఆపరేషన్ అయింది. ప్రాణం దక్కింది, గొంతు పోయింది. స్టేజీ కింద మొదటి కుర్చీలో ఒక పలక, సుద్దముక్క ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ఏదన్నా చెప్పాలంటే రాసి చూపిస్తుంది.

"మూడు నెలలు డాన్స్ లేదు," అన్నాడు లోవెల్. "హాల్ కమిటీ ఇంక మూసేద్దామంది. ఆ అమ్మాయి నేను చెప్తానంటూ ముందుకొచ్చింది. సరే, ఒక్క శనివారం చూస్తాం అన్నారు. ఆ ఒక్క శనివారం ఇవాళే."

"ఆమె ఇదివరకు ఎప్పుడన్నా చెప్పిందా?"

"వంటింట్లో చెప్పిందట."

"చూసేది ఎవరు?"

లోవెల్ గడ్డంతో చూపించాడు. తలుపు దగ్గర పొడుగ్గా, నిటారుగా ఒకావిడ. వెర్నా టటిల్. హాల్ కమిటీకి ఆవిడే పెద్ద, రోడ్ల కమిటీకీ ఆవిడే పెద్ద. "మార్చిలో ఊరి సభ జరిగింది చూడు, అందులో మార్నీ వాళ్ళ తాత రోలాండ్ లేచి ఫాక్స్ హిల్ మీద కంకర పొయ్యమన్నాడు. అక్కర్లేదంది వెర్నా. నువ్వా కొండెక్కి ఎన్నేళ్ళయిందన్నాడు ఈయన. అంతే, అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు. పోస్టాఫీసులో ఎదురుపడితే ఒకళ్ళు గోడనీ ఒకళ్ళు స్టాంపుల్నీ చూస్తారు."

నా ట్రక్కు గుర్తొచ్చింది. రోలాండ్ పక్షానే ఓటేశాను, మనసులో.

మార్నీ మైకు పట్టుకుంది. రెండో చేతిలో ఆటలు రాసుకున్న కార్డుల కట్టని తలకిందులుగా పట్టుకుని చదవబోయి, తిప్పుకుంది. అది చూశాక గుమ్మం దగ్గరి చీపురు మీద నాకున్న కోపం కాస్తా పోయింది.

"అందరికీ నమస్కారం. పిల్లలూ, గిరగిరా తిరిగేటప్పుడు కింద చూడకండి. నేలను చూస్తే నేల మీదే పడతారు. ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడండి, తల తిరగదు. సిగ్గేస్తే ముక్కు చూడండి."

"మీ ముక్కు మీద సుద్ద ఉంది," అన్నాన్నేను మెల్లగా.

ముక్కు తుడుచుకుంది. చెంప మీదికి పాకింది. ఇంకేం చెప్పలేదు నేను.

మొదటి రెండు ఆటలు నల్లేరు మీద బండి నడకే. పెద్ద గుండ్రంలో అందరూ చేతులు పట్టుకున్నారు. ఐదేళ్ళ పిల్లలు అమ్మలను లాక్కుపోయారు. కొత్తగా వచ్చిన ఒక కాలేజీ జంట కుడి ఏదో ఎడమ ఏదో మర్చిపోతే, పాతవాళ్ళు భుజం పట్టి తిప్పి పంపారు. మార్నీ గొంతు మొదట్లో సన్నగా వచ్చింది, తర్వాత నిలబడింది. ఐడా పలక మీద ఏదో రాసి ఎత్తింది. 'ఊపిరి పీల్చు.' మార్నీ ఊపిరి పీల్చింది.

మూడోది అసలు కాంట్రా. హాల్ పొడుగునా ఎదురెదురుగా రెండు వరుసలు. వరుసలో రెండేసి జంటలు కలిసి నలుగురి గుంపు. ఆ నలుగురూ పాట ఒకసారి తిరిగేదాకా కలిసి ఆడి, చివర ఒక అడుగు జరిగి, కొత్త జంటను కలుస్తారు. అలా జరుగుతూ జరుగుతూ రాత్రయ్యేసరికి ఊళ్ళో ప్రతి మనిషీ ప్రతి మనిషి చెయ్యీ పట్టుకుంటారు. కాంట్రా అంటే ఇంతే. జరగకపోతే అది కాంట్రా కాదు.

మార్నీ ముందుగా పాట లేకుండా ఒకసారి నడిపించింది. చివర నలుగురూ చేతులు పట్టుకుని ఒక పూర్తి చుట్టు తిరిగి, ఎక్కడివాళ్ళక్కడికి వచ్చారు. "భలే, అందరూ సరిగ్గా మీ చోటుకే వచ్చారు," అంది సంతోషంగా. నడిపించాక ఎలాగూ మొదటి చోటికి పంపడం మామూలే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. నాకూ రాలేదు. నేను కమానుకి గుగ్గిలం రాసుకుంటున్నాను.

పాట ఎత్తుకున్నాం. వరుస మొదట్లో, సరిగ్గా నా కాళ్ళ ముందు, వెర్నా గారు తన మనవరాలితో, ఎదురుగా రోలాండ్ తాతయ్య ఊరి టీచరమ్మతో. ఆటలో ఎదురు జంట మనిషితో గిరగిరా తిరగాలి. తప్పదు. వాళ్ళిద్దరూ బస్సు కోసం ఎదురుచూస్తున్నట్టు ఒకరి భుజం మీంచి ఒకరు దూరంగా చూస్తూ తిరిగారు. ముప్పై సెకన్ల శిక్ష, అయిపోతుందిలే అన్నట్టున్నాయి మొహాలు.

పాట రెండోసారి మొదలైంది. మళ్ళీ వాళ్ళే ఎదురెదురు.

"మళ్ళీ నువ్వేనా," అంది వెర్నా.

"నేనేం కోరి రాలేదు," అన్నాడు రోలాండ్.

మూడోసారీ వాళ్ళే. భుజం మీంచి చూడ్డం వల్ల వెర్నా గారికి తల తిరిగినట్టుంది, కాస్త తూలింది.

"కళ్ళలోకి చూడు వెర్నా. మా పిల్ల చెప్పింది వినలేదా?"

"నీ కళ్ళలో ఏముందని చూడ్డానికి?"

"ఫాక్స్ హిల్ బురద."

నాలుగోసారి ఆవిడ పెదాలు అదిరాయి. "నిజంగా అంత ఘోరంగా ఉందా ఆ కొండ?"

"నువ్వే చూడు. స్టేజీ మీద ఆ అబ్బాయి మేజోళ్ళతో ఎందుకున్నాడనుకున్నావ్?"

తిరుగుతూ తిరుగుతూనే ఇద్దరూ నా కాళ్ళ వైపు చూశారు. నేను నా ఎడమ బొటనవేలు రెండుసార్లు ఆడించాను. వెర్నా గారు ఫక్కున నవ్వింది. నాకూ నవ్వాగలేదు.

నేను నవ్వడం మార్నీ చూసింది. నా చూపు వెంట ఆమె చూపు కిందికి వెళ్ళింది. వెర్నా, తాతయ్య. వాళ్ళ పక్కన మొదటి నుంచీ ఉన్నవాళ్ళే. ఆ పక్కనా అంతే. ఆమె మొహంలో రంగు పోవడం నేను దగ్గర్నుంచి చూశాను.

మైకు మూసి నా వైపు వంగింది. "వీళ్ళు జరగడం లేదు."

"లేదు."

"నీకు తెలుసా?" గుమ్మం దగ్గరి 'మీరు' ఎటు పోయిందో.

"రెండోసారికే అనుమానమొచ్చింది. మీ ఊళ్ళో పిల్లల కోసం ఇలా ఆడతారేమో అనుకున్నా." గడ్డం కింద ఫిడేలు ఉండటంతో నా గొంతు గొర్రె గొంతులా వస్తోంది.

"ఆపెయ్యి. పాట ఆపెయ్యి."

"ఆపను. ఆపితే తప్పని అందరికీ తెలుస్తుంది. చివర ఏం చెప్తున్నావ్?"

"చేతులు పట్టుకుని పూర్తి చుట్టు."

"ముప్పావు చుట్టే తిప్పు. తిప్పి ముందుకు వదిలెయ్యి."

ఆమె కళ్ళు మూసుకుంది. నాలుగు వేళ్ళు గాల్లో ఏవో కనపడని వస్తువుల్ని జరిపాయి. పాట ఐదోసారి చివరికొస్తోంది. నేను లోవెల్ వైపు చూశాను, ఆయన ఎడమ చెయ్యి గట్టిగా వేశాడు. ఆమె ఇప్పుడు మాట్లాడకపోతే ఇంకెప్పటికీ మాట్లాడలేకపోతుందని నాకు భయమేసింది.

"చేతులు పట్టుకోండి," అంది మైకులో. "ఎడమకి ముప్పావు చుట్టు. ఇప్పుడు ఎదుటివాళ్ళని దాటి ముందుకు. కొత్తవాళ్ళకి హలో చెప్పండి."

బిగుసుకున్న సొరుగు ఒక్క లాగుతో వచ్చినట్టు వరుసలు రెండూ కదిలాయి. హాలంతా ఘొల్లున నవ్వు, చప్పట్లు. రోలాండ్ దూరమవుతూ టోపీ లేకపోయినా ఉన్నట్టు తీసి వెర్నాకి సలాం కొట్టాడు. మిగతా పాట మామూలుగానే సాగింది. మార్నీ మాత్రం ఆట అయిపోగానే మైకు పియానో మీద పెట్టి, వెనక వంటగదిలోకి వెళ్ళిపోయింది.

విరామంలో నేను ఒక పళ్ళెంలో 'ఆపిల్ పై' అనే పళ్ళ తీపిరొట్టె ముక్కలు రెండు పెట్టుకుని వంటగది తలుపు తట్టాను.

"బిజీ," అంది లోపల్నుంచి.

"ఆపిల్ పై."

కాసేపటికి తలుపు తెరిచింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఒక ముక్క తీసుకుంది, నన్ను రమ్మనలేదు, పొమ్మనలేదు. నేను సింకుకి ఆనుకుని నిలబడ్డాను.

"రెండోసారికే చూశావు," అంది. "చూసి నవ్వుతూ వాయించావు. మజాగా ఉంది కదా పైనుంచి?"

"నేను నవ్వింది నిన్ను చూసి కాదు."

"మరి?"

"నా బొటనవేలి వల్ల."

"దయచేసి బయటికెళ్ళు."

"నిజం. మీ తాతయ్యా వెర్నా గారూ నా మేజోడు చూసి నవ్వుకున్నారు. ఆ గుంపులో వాళ్ళిద్దరూ ఐదుసార్లు తిరిగారు. నాలుగోసారికి సవ్యంగా మాట్లాడుకున్నారు. నువ్వే చేయించావు ఆ పని."

ఆమె నమ్మిందో లేదో తెలీదు. చేతిలోని ముక్కను ఫోర్కుతో పొడుస్తూ ఉంది.

"నాలుగు సీసాలు," అంది చివరికి.

"ఏం సీసాలు?"

"ఉప్పువి రెండు, మిరియాల పొడివి రెండు. నాయనమ్మ ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ రోజూ రాత్రి వంటింటి బల్ల మీద వాటితోనే ప్రాక్టీసు చేశా. ఉప్పులు మగవాళ్ళు, మిరియాలు ఆడవాళ్ళు. ఆట చెప్తూ జరపడం. చివర ప్రతిసారీ నాలుగూ ఎక్కడివక్కడికి వచ్చేవి. ఎంత బాగా వస్తోందో అని మురిసిపోయేదాన్ని." నా వైపు చూసింది. "నా బల్ల మీద ఇంకో జంట లేదు. ముందుకి వెళ్ళడానికి వాటికి ఎవరూ లేరు. అందుకే నాకు తప్పు తెలీలేదు."

నేను నవ్వకూడదనుకున్నాను. దవడలు బిగపట్టాను. ముందు ఆమే నవ్వింది, ఏడుపు మొహంతోనే. తర్వాత ఇద్దరం సింకు పట్టుకుని నవ్వాం. చెంప మీద సుద్ద ఇంకా ఉంది. ఈసారి చెప్పలేదు, నా రుమాలిచ్చాను.

కానీ ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. కిటికీలోంచి బయటికి చూసి ఆమె రుమాలు పట్టుకున్న చెయ్యి అలాగే ఆపేసింది. పడమటి కొండ మీద ఇంకా వెలుతురుంది. ఆ వెలుతుర్లో వెర్నా టటిల్ కోటు తొడుక్కుని, బూట్లేసుకుని, గేటు దాటి వెళ్ళిపోతోంది. ఆవిడ వెనకే రోలాండ్.

"అయిపోయింది," అంది మార్నీ. "సగంలో వెళ్ళిపోతోంది. తాతయ్య బతిమాలుకోడానికి వెనకపడ్డాడు చూడు. ఇంక ఆవిడ వినదు."

"అలా అని ఎందుకనుకోవాలి?"

"నీకు తెలీదు. నాయనమ్మకి ఇదొక్కటే మిగిలింది. గొంతు పోయినప్పుడు కూడా ఏడవలేదావిడ. డాన్స్ ఆపేస్తారని విన్నప్పుడు పలక మీద ఏమీ రాయలేదు. రెండు రోజులు ఏమీ రాయలేదు." ఆమె రుమాలుని నాలుగు మడతలు పెట్టింది. "అందుకే నేను చెప్తానన్నా. నాకు వచ్చని కాదు."

రంపం మిల్లులో పనిచేసేవాణ్ణి, ఓదార్పు మాటలు నా చేతికి రావు. అప్పుడే తలుపు తోసుకుని ఐడా వచ్చింది. పొట్టి మనిషి, మెడకి నీలం కండువా. మనవరాలి మొహం చూసింది, నా మేజోళ్ళు చూసింది, పలక మీద ఏదో రాసి ఎత్తింది.

'ఇంకో నాలుగు సీసాలు కొనుక్కో.'

అరచేత్తో చెరిపేసి మళ్ళీ రాసింది.

'జనం కూర్చుని ఉన్నారు. వెళ్ళు.'

రెండో సగం మొదలుపెట్టినప్పుడు ఎవరూ ఇంటికి వెళ్ళలేదని నేను గమనించాను. మార్నీ గమనించలేదు. ఆమె తలుపే చూస్తోంది. కానీ గొంతు మాత్రం ఈసారి వేరేగా ఉంది. పోయేది ఎలాగూ పోయింది, ఇంక భయపడి చేసేదేముంది అన్నట్టు తేలిగ్గా చెప్పింది. ప్రతి చుట్టు చివరా వరుసలు ముచ్చటగా జరిగాయి. కాలేజీ జంట కుడీ ఎడమా నేర్చుకున్నారు. ఐడా కుర్చీలో పలక బోర్లా పెట్టి, మోకాలి మీద తాళం వేస్తోంది.

నాలుగో ఆట మధ్యలో తలుపు తెరుచుకుంది.

వెర్నా టటిల్, రోలాండ్ లారో. ఇద్దరూ నడుం దాకా బురద. వెర్నా గారి జడ మీద కూడా ఒక ముద్ద. ఇద్దరూ ఒకళ్ళ మాటకి ఒకళ్ళు అడ్డొస్తూ లోపలికి ఒక అడుగు వేశారు.

"బూట్లు," అంది మార్నీ మైకులోనే.

హాలు దద్దరిల్లింది. నేను ఒక స్వరం తప్పాను, ఎవరూ వినలేదు. హాల్ కమిటీ పెద్ద గుమ్మంలోనే నిలబడి, బుద్ధిగా ఒంగి బూట్లు విడిచింది. మేజోళ్ళ మీద వరుసగా గొర్రెపిల్లల బొమ్మలు. రోలాండ్ మేజోళ్ళతోనే స్టేజీ దాకా వచ్చి, నా డాన్స్ షూస్ పియానో పక్కన పెట్టాడు.

"ట్రాక్టర్ కట్టి లాగాం నాయనా నీ బండిని. తాళంచెవి బండికే వదిలిపెట్టడం మంచి పని చేశావ్. స్టీరింగ్ వెర్నా పట్టింది. బయట ఉంది చూసుకో."

"చాలా థాంక్సండీ తాతయ్యా."

"థాంక్స్ నాకెందుకు? సగం చక్రం లోతు బురద ఉందని ఆవిడ చేత ఒప్పించావు. నెల రోజులైనా నా వల్ల కాలేదు."

చివరి పాటకి ముందు వెర్నా గారు స్టేజీ ఎక్కి మైకు అడిగింది. మార్నీ ఇచ్చి, రెండడుగులు వెనక్కి వేసి నా పక్కన నిలబడింది. ఆమె మోచెయ్యి నా మోచేతికి తగిలింది. అది చల్లగా ఉంది.

"రెండు మాటలు," అంది వెర్నా. "ఒకటి, ఫాక్స్ హిల్ మీద వచ్చే వారం కంకర పడుతుంది. రోలాండ్ చెప్పింది నిజం. ఇది నేను మళ్ళీ చెప్పను, విన్నవాళ్ళు విన్నారు. రెండు, మే నెల రెండో శనివారం ఆరున్నరకి ఇక్కడే డాన్స్. జూన్‌లోనూ, ఆ తర్వాతా. ఆట చెప్పేది మార్నీ లారో." మార్నీ వైపు తిరిగింది. "ఆ మూడో ఆట మాత్రం మళ్ళీ పెట్టకమ్మా. రోలాండ్‌తో ఐదుసార్లు తిరగడం నా వయసుకి ఎక్కువ."

మార్నీ ఊపిరి వదిలింది. ఎంతసేపు బిగబట్టిందో, ఆ ఊపిరి చప్పుడు నాకు వినిపించింది. కింద ఐడా పలక ఎత్తలేదు, ఏమీ రాయలేదు. కండువా అంచుతో కళ్ళు తుడుచుకుని రెండు చేతులూ చాచింది, మార్నీ స్టేజీ మీంచి దూకి ఆ చేతుల్లో పడింది. పరాయి ఊరు, పరాయి మనుషులు, అయినా ఎందుకో నా మనసు తేలికపడింది.

ఇంక వాల్ట్‌జ్. చివరి పాట ఎప్పుడూ వాల్ట్‌జే. దానికి ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు, ఎవరికి నచ్చిన వాళ్ళతో వాళ్ళు తిరగడమే. సాయంత్రమంతా అందరినీ ఆడించిన మనిషికి ఆ ఒక్క పాట సెలవు. ఫిడేలు వాయించేవాడికి మాత్రం సెలవు లేదు. నేను కమాను ఎత్తాను. మార్నీ కింద గోడ పక్కన ఒంటరిగా నిలబడి ఉంది.

లోవెల్ నా కమాను పట్టుకుని కిందికి దించాడు.

"పియానో ఒక్కటే చాలు దీనికి," అన్నాడు.

"మీరొక్కరే ఎలాగండీ?"

"నువ్వు పుట్టకముందు నుంచి వాయిస్తున్నా. దిగు."

వాయించడం మొదలుపెట్టేశాడు కూడా. నా షూస్ పియానో పక్కనే ఉన్నాయి. వాటికి తాళ్ళు కట్టుకుంటూ కూర్చుంటే పాట సగం పోతుంది. ఫిడేలు పెట్టెలో పెట్టి మేజోళ్ళతోనే దిగాను.

"ఆడదామా?" అన్నాను.

ఆమె నా కాళ్ళ వైపు చూసింది. సాయంత్రం చూసినట్టే. తర్వాత ఒంగి తన షూస్ రెండూ విప్పి గోడకి చేర్చి పెట్టింది.

"నీ వేలు తొక్కితే పాపం నాకెందుకు," అంది.

మైనం పట్టిన మేపుల్ నేల మీద మేజోళ్ళతో వాల్ట్‌జ్ అంటే జారుడుబండే. మొదటి మలుపులోనే ఇద్దరం గోడ దాకా జారిపోయాం. రోలాండ్, ఐడా మా పక్కనుంచి తాపీగా వెళ్ళిపోయారు. ఐడా ఆయన భుజం మీంచి నన్ను పరీక్షగా చూసింది.

"ముక్కు చూస్తున్నావు," అంది మార్నీ.

"సిగ్గేస్తే ముక్కు చూడమన్నావుగా."

"పిల్లలకి చెప్పాను."

కళ్ళలోకి చూశాను. తల తిరగదని ఆమె చెప్పింది అబద్ధం.

"మార్నీ, ఒకటి చెప్పనా? ఆ మూడో ఆట."

"మళ్ళీ అదా."

"నేను రెండోసారికే చూశాను, నిజమే. వెంటనే చెప్పాల్సింది. కానీ ఆ ఆట చూస్తుంటే నాకు నచ్చింది. ప్రతి చుట్టుకీ మళ్ళీ అదే మనిషి ఎదురుగా రావడం. ముందుకి వెళ్ళక్కర్లేకపోవడం."

"అది తప్పు ఆట, ఓరిన్."

"ఊరందరికీ తప్పే. నాకు మాత్రం నీతో అదే ఆడాలని ఉంది."

హాలు ఒక చివర నుంచి ఇంకో చివరకి వెళ్ళాం. మళ్ళీ మొదలుపెట్టిన గోడ దగ్గరికి, ఆమె షూస్ ఉన్నచోటికి వచ్చాం.

"పూర్తి చుట్టు తిరిగి ఉన్నచోటికే వచ్చాం," అంది.

"ముప్పావు దగ్గర ఆగమంటావా?"

"నేనేమన్నా చెప్పానా? వాల్ట్‌జ్‌లో నేను చెప్పేదేం ఉండదు." చెయ్యి మాత్రం ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. "వచ్చే నెల కూడా షూస్ మర్చిపోయి రా."

వచ్చే నెల దాకా ఆగలేకపోయాను. మరుసటి శనివారం పొద్దున మిల్లు మూసెయ్యగానే స్నానం చేసి, తల దువ్వుకుని, ఫాక్స్ హిల్ ఎక్కాను. కొత్త కంకర చక్రాల కింద కరకరలాడింది. బండి ఎక్కడా ఆగలేదు. లారోల ఇంటి ముందు దిగితే వాకిట్లో మాత్రం కంకర లేదు. మడమల దాకా దిగబడ్డాను.

తలుపు ఐడా తీసింది. వెనకాల వంటింటి బల్ల దగ్గర మార్నీ కూర్చుని ఉంది, ముందు నాలుగు సీసాలు. నన్ను చూసి లేవబోయి కూర్చుంది, కూర్చోబోయి లేచింది.

నేను ఏం చెప్పాలో దారి పొడుగునా అనుకుంటూ వచ్చాను. అక్కడికి వచ్చేసరికి ఒక్కటీ గుర్తు లేదు. కోటు జేబుల్లోంచి ఒక్కొక్కటే తీసి ఐడా చేతుల్లో పెట్టాను. ఉప్పు సీసా, ఉప్పు సీసా, మిరియాల సీసా, మిరియాల సీసా.

ఐడా వాటిని చూసింది, నన్ను చూసింది. సీసాలు మార్నీకి అందించి పలక తీసుకుంది. తాపీగా, అక్షరం అక్షరం దిద్దినట్టు రాసింది. రాసి, నాకు ఎదురుగా పట్టుకుంది.

'బూట్లు బయట. నువ్వు లోపలికి.'